ఊటవాగుకు ఎన్ని మస్టర్లు

దీప ఏం చదువుతున్నదో గోదావరిఖనిలో వాళ్ల వాడకట్టుకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. అర్థమైందని ఇప్పటికీ గట్టిగా చెప్పలేం. హైదరాబాదులో పెద్ద యూనివర్సిటీలో పీహెచ్‌డీ అనీ, పర్యావరణ ఆర్థికశాస్త్రమనీ ఆమె తండ్రి రాజం కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకునేవాడు. అంటే ఏందని ఎవరైనా ఎదురడిగితే మాత్రం, దేనికి ఎంత విలువో లెక్క కట్టే చదువని చెప్పి మాట మార్చేవాడు. ఆ ముక్క పట్టుకుని పక్కింటి జమున ఒకరోజు తన ప్లాటు కాగితాలతో వచ్చి కూర్చుంది. గజం ఎంత పలుకుతుందో చూసి చెప్పమంది. నేను ప్లాట్లకు కట్టనక్కా, గాలికి, నీళ్లకు, చెట్లకు కడతానని దీప నవ్వుతూ చెప్పింది. జమున ఆమె ముఖంలోకి కాసేపు జాలిగా చూసి, "అవి ఎవలు కొంటరే?" అని కాగితాలు మడుచుకుని వెళ్లిపోయింది.

జమునకు తెలియదు గాని, ఆ శాస్త్రమంతా సరిగ్గా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. ఎవరూ కొననిదీ, ఎవరూ అమ్మనిదీ, అంగట్లో దొరకనిదీ పోతే ఎంత పోయినట్టు? బజార్లో రేటు లేదు కనుక దానికి విలువే లేదనుకోవడం పెద్ద పెద్ద ఆఫీసులకు పాత అలవాటు. విలువ లేదు కనుక మొదటి వేటు దాని మీదే పడుతుంది. దీప లాంటి వాళ్లు ఊరూరా తిరిగి, ఇదిగో దీనికీ ఇంత విలువ ఉందని అంకెల్లో చూపిస్తారు. అంకె లేకపోతే ఆ ఆఫీసుల్లో మాట చెవికెక్కదు మరి.

ఈ చదువులోకి ఆమె వచ్చిన దారి కూడా వాళ్ల పెరట్లోంచే మొదలైంది. రాజం ముప్ఫై మూడేళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి. తల్లి శోభ ఉతికిన బట్టలు ఆరేసే ముందు తాడును తడిగుడ్డతో ఆ కొస నుంచి ఈ కొసకు తుడిచేది. గాలి బొగ్గు యార్డు వైపు నుంచి తిరిగితే తడి బట్టలన్నీ మళ్లీ లోపలికి, మళ్లీ బకెట్లోకి. ఎంఏలో ఉండగా ప్రొఫెసర్ కృష్ణప్రియ ఒక పాఠం చెప్పింది. మురికి నుంచి తప్పించుకోవడానికి జనం పెట్టే సబ్బు, నీళ్లు, రెక్కల కష్టం లెక్క వేస్తే మంచి గాలి వాళ్లకెంత ముఖ్యమో తెలుస్తుందట. దీపకు అమ్మ తాడు తుడవడం కళ్ల ముందు కదిలింది. క్లాసు అయిపోయాక వెళ్లి ఆ తాడు సంగతి చెప్పింది. కృష్ణప్రియ ఆశ్చర్యపోయి, ఆ పక్కనే గుట్ట మీద ఆఫీసర్ల బంగ్లాల్లో పెరిగానమ్మా నేనూ అంది. ఆమె తండ్రి సుబ్రహ్మణ్యం కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు. వాళ్లమ్మ తెల్ల చీరలు ఇంట్లోనే ఫ్యాను కింద ఆరేసేదట. అలా ఆ ఇద్దరికీ గురుశిష్య బంధం కుదిరింది.

ఇక అసలు సంగతి. రామగిరి మండలంలో ఊట్లపల్లె అని ఒక ఊరు. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్ కాస్ట్ గనికి ఆనుకుని ఉంటుంది. పొలాల్లో సగం ఇప్పటికే గనిలో కలిసిపోయాయి. మిగిలింది నూట నలభై ఇళ్లూ, పక్క నుంచి పారే ఊటవాగూ. మండుటెండల్లో కూడా ఆ వాగు ఇసుకలో జానెడు లోతు తోడితే నీళ్లు ఊరుతాయి. ఆ చిన్న గుంతల్ని చెలిమెలంటారు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని ఆ ఊరి ఆడవాళ్లు తాగడానికి ఇప్పటికీ చెలిమె నీళ్లే చెంబుతో తోడుకుపోతారు. గేదెలు దిగేది ఆ వాగులోనే, బతుకమ్మను సాగనంపేది ఆ వాగులోనే.

గని ఇంకొంత పెరగబోతున్నది. బొగ్గు మీద నుంచి తీసిన మట్టిని ఎక్కడో ఒకచోట పోయాలి. రెండు చోట్లు చూశారు. ఒకటి ఊటవాగు ఒడ్డు. దగ్గర, సుఖం, ఖర్చు తక్కువ. రెండోది బొగ్గు తీసేసి వదిలేసిన పాత గుంత. అక్కడికైతే డంపర్లు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిరగాలి, ఆ మేరకు డీజిల్. ఏది మేలో తేల్చడానికి ఒక కమిటీ కూర్చుంది. డీజిల్ ఖర్చు మాకు తెలుసు, వాగు విలువ మీరు తేల్చి చెప్పండని కమిటీ కృష్ణప్రియ డిపార్ట్‌మెంటును అడిగింది. వాగు విలువ తక్కువ తేలితే మట్టి ఒడ్డున పడుతుంది. ఒడ్డున పడ్డ మట్టి రెండు వానలకు వాగులోకి జారుతుంది. ఆ పని దీప చేతికి వచ్చింది.

సర్వేలో అడగాల్సింది ఒక్క ప్రశ్నే. ఈ వాగు ఇలాగే ఉండడానికి మీ ఇంటి నుంచి నెలకు ఎన్ని రూపాయలు ఇవ్వగలరు? ఎవరైనా సున్నా అంటే మాత్రం వదలకూడదు, ఎందుకని అడగాలి. సున్నాలన్నీ ఒక్క జాతివి కావు. ఆ వస్తువుతో పని లేక సున్నా అనేవాళ్లు కొందరు. ప్రాణం పెట్టుకుని కూడా ఆ ప్రశ్నే నచ్చక సున్నా అనేవాళ్లు కొందరు. రెండో రకాన్ని పుస్తకాల్లో నిరసన సున్నా అంటారు. దాన్ని మొదటి రకంతో కలిపేస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది. దీప ఈ సంగతి జూనియర్లకు గంటసేపు పాఠం చెప్పి, బోర్డు మీద బొమ్మ కూడా గీసిన మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, చివరికి ఆ తప్పు చేసింది ఆమే.

ఎలాగంటే, మూడో ఇంట్లోనే ఒక పెద్దాయన సున్నా అన్నాడు. ఎందుకు కాకా అని అడిగింది. ఆయన తల దించుకుని, "ఉంటె ఇస్తరు, లేకుంటె ఇయ్యరు, గది సుత అడుగుతరా బిడ్డా?" అన్నాడు. దీపకు తల కొట్టేసినట్టయింది. వీళ్లు తనవాళ్లు. తన తాత కూడా ఇలాంటి ఊళ్లోంచే బాయికి పోయాడు. ఇంట్లో ఉందా లేదా అని తనవాళ్లనే ఆరా తీస్తున్నట్టు అనిపించింది. ఆ తర్వాత ఎవరు సున్నా చెప్పినా 'ఎందుకు' అనే గడిలో చిన్న గీత గీసి ముందుకు పోయింది. వీళ్ల మనసు నాకు తెలియదా అనే ధీమా కూడా లోపల ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన మనిషైతే మొహమాటం లేకుండా సున్నా చెప్పిన ప్రతి ఇంట్లోనూ అడిగి ఉండేది.

వాగు అంచున చివరి ఇల్లు సమ్మవ్వది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. దీప వెళ్లేసరికి మధ్యాహ్నం రెండున్నర కావస్తోంది. గనిలో బ్లాస్టింగ్ చేసే వేళ. సమ్మవ్వ అటక మీది ఇత్తడి బిందెల్ని ఒక్కొక్కటే దించి నేల మీద పెడుతోంది. దీప కూడా ఒక చెయ్యి వేసింది. నేల అదిరింది, గోడ మీది సున్నం కొంచెం రాలింది, ఇద్దరూ అలవాటైన వాళ్లలాగే మిగిలిన బిందెను పక్కకు జరిపారు. ఆ తర్వాత ప్రశ్న అడిగితే సమ్మవ్వ ఆలోచించకుండా సున్నా రాసుకోమంది. అంతటితో ఆగక పక్కకు వచ్చి కాగితంలోకి తొంగి చూసి, "సక్కగ రాసినవా?" అని అడిగింది. రాశానని దీప చూపించాక గాని ఆమెకు తృప్తి కలగలేదు. సున్నా రాయించుకోవడానికి ఇంత పట్టుదల ఏమిటో దీపకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

ఇంటికి వచ్చి లెక్క వేసింది. నూట నలభైలో అరవై ఒక్క సున్నాలు. సగటున ఇంటికి నెలకు ఇరవై ఒక్క రూపాయి. ఊరంతా కలిపినా ఏడాదికి ముప్ఫై అయిదు వేల చిల్లర. డంపర్లు రెండు పూటలు తిరిగితే ఆవిరైపోయే డీజిలు. మళ్లీ వేసింది, మూడోసారి వేసింది, అంకె కదల్లేదు. ఈ కాగితం కమిటీకి పోతే ఊటవాగు పని అయిపోయినట్టే. దాన్ని పూడ్చేది డంపర్లు కావు, తన సంతకం.

అప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది. వచ్చిందని ఆమె తర్వాత దాచలేదు కనుక మనమూ దాచనక్కర్లేదు. ఆ అరవై ఒక్క ముఖాలూ తనకు గుర్తున్నాయి. ఎవరి సున్నా ఎలాంటిదో తను ఊహించగలదు. గీతలున్న చోట కారణాలు రాసుకుంటూ పోతే అడిగేవాడు లేడు. మూడు గడులు నింపింది కూడా. నాలుగోది సమ్మవ్వది. అక్కడ ఏం రాయాలో తోచలేదు. ఆ ముసలామె ఎందుకంత పట్టుపట్టిందో తనకు నిజంగా తెలియదు. తెలియదని ఒప్పుకున్నాక మిగతా మూడూ కూడా తెలియవని అర్థమైంది. నింపినవి తుడిచేసి కృష్ణప్రియకు ఫోన్ చేసింది.

కృష్ణప్రియ మొదట గట్టిగానే కోప్పడింది. మొహమాటానికి పోతే ఊరు మునుగుతుందని అంది. దీప తను మూడు గడులు నింపి తుడిచిన సంగతి కూడా చెప్పింది. ఆ మాటతో కృష్ణప్రియ కోపం దిగింది. తర్వాత ఆమె నెమ్మదిగా, "గుర్తున్నది డేటా కాదు దీపా. అడిగిందే డేటా. తుడిచేశావు, మంచి పని చేశావు," అంది. కమిటీని పది రోజులు గడువు అడుగుతాననీ, మళ్లీ ఇల్లిల్లూ తిరగాల్సిందేననీ చెప్పింది. ఇంకో మాట కూడా హెచ్చరించింది. కారణాలు తెలిసినంత మాత్రాన అంకె పెద్దగా పెరగదు. డబ్బు అనగానే జనం ముడుచుకుంటున్నారంటే అడగాల్సింది డబ్బు కాదేమో, వాళ్లు దేన్ని ఇస్తారో ఆలోచించమంది.

మరునాడు పొద్దున చాయ్ తాగుతూ దీప ఇదంతా తండ్రికి చెప్పింది. రాజం మొత్తం విన్నాడు. వినడంలో ఆయనకు మంచి ఓపిక. బాయిలో పైకప్పు చప్పుడు వింటూ ముప్ఫై మూడేళ్లు బతికిన చెవులవి. విని, కప్పు కింద పెట్టి, "రూపాయి అడిగితే ఎవలైనా జేబు తడుముకుంటరు బిడ్డా. మస్టర్ అడుగు," అన్నాడు.

మస్టర్ అంటే గని భాషలో హాజరు. ఒక మస్టర్ అంటే ఒక రోజు పని. ఆ నేల మీద మనిషి కొలత అదే. ఫలానా వాడు మంచివాడా అంటే ఏడాదికి ఇన్ని మస్టర్లు చేస్తాడని జవాబు వస్తుంది. ఇప్పుడు ఊళ్లలో ఉపాధి హామీ పనికి కూడా మస్టర్ అనే అంటున్నారు. రాజం తమ బాయిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాడు. కిషన్ అనే తోటి పనివాడు బాయిలో పైకప్పు మీద పడి చనిపోయినప్పుడు సంతాపానికి కూడిన వాళ్లెవరూ ఎన్ని రూపాయలు అని అనుకోలేదట. అతని ఇంటికి తలా ఒక మస్టర్ కూలి అన్నారట. "బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్ మస్టర్ ఎంత, వాని మీది ఓవర్‌మన్ మస్టర్ ఎంత? పైసలల్ల భూమికీ ఆకాశానికీ తేడా. అయినా ఎవ్వడూ తక్కువిచ్చిన అనుకోలే, ఎక్కువిచ్చిన అనుకోలే. రోజు అందరికి ఒక్కతీర్గనే ఉంటది గద," అన్నాడు.

దీప చాయ్ గ్లాసు కింద పెట్టి కాగితం, కలం అందుకుంది. ఆమె చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క మాట చుట్టూ నిలబడ్డాయి. రూపాయిల్లో అడిగితే లేనివాడి ప్రేమ చిన్నదిగా కనబడుతుంది, ఉన్నవాడిది పెద్దదిగా కనబడుతుంది. రోజుల్లో అడిగితే ఇద్దరూ సమానం. కృష్ణప్రియకు చెబితే ఆమె సంబరపడింది. పనిదినాల్లో విలువ అడగడం వేరే దేశాల్లో ఉన్నదేననీ, కమిటీకి చెప్పి ఒప్పిస్తాననీ, రోజుకు ఉపాధి కూలి రేటు కడదామనీ అంది. ముప్ఫై మూడేళ్ల బాయి పని ఇన్నాళ్లకు యూనివర్సిటీలో పనికొచ్చిందని రాజం ఆ రోజంతా వాడకట్టులో చెప్పుకుని తిరిగాడు.

దీప షేర్ ఆటోలో సెంటినరీ కాలనీ దాకా, అక్కడి నుంచి స్నేహితురాలి స్కూటీ మీద ఊట్లపల్లెకు, తొమ్మిది రోజులు తిరిగింది. సున్నా చెప్పిన ఇంటికి వెళ్లి, తప్పు నాదే, అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నానని ముందే ఒప్పుకునేది. జనం ఆమె అనుకున్నంత నొచ్చుకోలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడిగితే అందరూ చెప్పారు. తర్వాత కొత్త ప్రశ్న. వాగు పూడిక తీసి, ముళ్లపొదలు కొట్టి బాగుచేయడానికి మీ ఇంటి నుంచి ఏడాదికి ఎన్ని రోజుల పని ఇస్తారు? రూపాయల ప్రశ్నకు గోడలు చూసినవాళ్లు దీనికి వేళ్లు మడిచి లెక్క పెట్టడం మొదలుపెట్టారు. నాటు వేసే రోజులు తీసేసి, పెళ్లిళ్ల రోజులు తీసేసి, నాలుగు, ఆరు, పది అని చెప్పారు. ఒకావిడ భర్తవి వేరే, తనవి వేరే రాయమని పట్టుబట్టింది.

తొమ్మిదో రోజు చివరి ఇల్లు మిగిలింది. సమ్మవ్వ ఆమెను చూసి, మళ్లెందుకు వచ్చావని అడిగింది. అప్పుడు సున్నా ఎందుకన్నావో తెలుసుకోవాలని వచ్చానని దీప చెప్పింది. సమ్మవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని కూర్చుని చెప్పింది.

"నాకు రెండెకరాలుండె. గిట్లనే కాయిదం పట్టుకొని వచ్చి రేటెంత అన్నరు. రేటు జెప్పిన. వానలు పడకముందే భూమి పోయింది. పైసలు మూడేండ్లల్ల పోయినయ్. పెరట్ల చింతచెట్టుకు రేటు గట్టిన్రు, అది సుత పోయింది. మా ఊళ్లె రేటు గట్టినదేదీ మిగల్లే బిడ్డా. గందుకే వాగుకు సున్నా జెప్పిన. సున్నాను ఎవడు కొంటడు?"

దీప కలం ఆగిపోయింది. ఈ ముసలామె తనకు తెలిసిన ఒక్క ఉపాయంతో వాగుకు కాపలా కాసింది. ఆ కాపలాయే వాగు మీదికి మట్టిని పిలుస్తోంది.

"సున్నా ఉంటె ఇడిసిపెడ్తరు గదా?" అని సమ్మవ్వ అడిగింది.

సర్వే చేసే మనిషి జవాబు చెప్పేవాళ్ల మనసు మార్చే మాట ఏదీ అనకూడదు. అది ఆ పనిలో మొదటి నియమం. కానీ అబద్ధం చెప్పడం దీప వల్ల కాలేదు. "ఇడిసిపెట్టరవ్వా. సున్నా ఉంటె మట్టి పోస్తరు," అని చెప్పేసింది.

సమ్మవ్వ వాగు వైపు చూసింది. తర్వాత ఏడాదిలో ఎన్ని రోజులుంటే అన్నీ రాసుకోమంది. దీప రాసుకుంది. కానీ ఆ పక్కనే, ఈ ఇంట్లో నేను నియమం తప్పాను, కనుక ఈ రెండో జవాబును సగటులో కలపడం లేదు అని కూడా రాసింది. అది చివరి ఇల్లు కావడం వల్ల మిగతా ఊరి జవాబులకు మచ్చ పడలేదు.

అరవై ఒక్క సున్నాల్లో తొమ్మిది మందికి నిజంగానే వాగుతో పని లేదు. పద్నాలుగు మంది దగ్గర ఇవ్వడానికి రూపాయి లేదు. ముప్ఫై ఎనిమిది మంది, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా, సమ్మవ్వ చెప్పిందే చెప్పారు. రేటు చెబితే పోతుంది. పనిదినాల లెక్కలో ఊరి సగటు ఇంటికి ఆరు రోజులు తేలింది. కూలి రేటు కట్టి చూస్తే వాగు విలువ మొదటి అంకెకు ఏడు రెట్లయింది. దానికి తోడు బోర్లకు వాగు ఇచ్చే ఊట, వాగు పోతే తెప్పించాల్సిన నీళ్ల ట్యాంకర్ల ఖర్చు కలిపితే తూకం డీజిలు పక్కన సమానంగా వచ్చి నిలబడింది. ఎటు మొగ్గుతుందో చెప్పలేని పరిస్థితి.

కమిటీలో ప్లానింగ్ చూసే ఇంజినీరు విష్ణువర్ధన్ రిపోర్టును ఆసాంతం చదివి వచ్చాడు. చెడ్డవాడు కాదు, లెక్క మనిషి. ఆయన సందేహం కూడా న్యాయమైనదే. "నోటితో ఎన్ని రోజులైనా ఇస్తారండి. రేపు పార పట్టుకుని ఎంతమంది వస్తారో మనకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఇది మా శాస్త్రంలో అన్నిటికంటే పాత ప్రశ్న, దీనికి పూర్తి జవాబు మా దగ్గర లేదని కృష్ణప్రియ దాపరికం లేకుండా ఒప్పుకుంది. ఊరి తరఫున వచ్చిన సదానందం అనే రైతు అప్పటిదాకా మూలన కూర్చుని ఉన్నాడు. ఆయన లేచి, "ఆదివారం రండి సార్. ఒక్క మస్టర్ చూద్దురు," అని కూర్చున్నాడు.

బయటికి వచ్చాక కృష్ణప్రియ దీపను పక్కకు పిలిచి, మన పని అడగడం, లెక్క పెట్టడం, అంతవరకే, నువ్వు ఊళ్లోకి వెళ్లి ఎవరినీ కూడగట్టడానికి లేదని ఖండితంగా చెప్పింది. దీప ఆ వారం అడుగు బయటపెట్టలేదు గాని అన్నం సహించలేదు. రాకపోతే? వానలు మొదలయ్యాయి, నాట్ల రోజులు, కూలి దొరికే రోజులు. రాజం మాత్రం సదానందం పిలిచాడని ఒక పొడుగు నోటు పుస్తకం కొని, స్కేలుతో గళ్లు గీసి, మస్టర్ రాయడానికి సిద్ధమయ్యాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి వాగు ఒడ్డున పదకొండు మంది ఉన్నారు. ఆరున్నరకూ పదకొండు మందే. విష్ణువర్ధన్ గడియారం చూసుకున్నాడు. సదానందం ఊరి దారి వైపు తప్ప ఇంకెటూ చూడటం లేదు. దీప ఆ పదకొండు ముఖాలను ఒక్కొక్కటే గుర్తుపట్టింది. వాళ్లలో తొమ్మిది మంది, ఇవ్వడానికి రూపాయి లేక సున్నా చెప్పినవాళ్లే. మూడో ఇంటి కాక అప్పటికే మోకాళ్ల దాకా బురదలో దిగి తవ్వుతున్నాడు. ఆమెకు కళ్లు నీళ్లతో నిండాయి. అయినా పదకొండు పదకొండే. ఏడయింది. తండ్రి దగ్గరికి వెళ్లి, ఇక రారేమో నాయినా అంది.

"జర ఓపిక పట్టు. నైట్ షిఫ్టు ఇడువనియ్యి," అన్నాడు రాజం పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

బొగ్గు నేల మీద పొద్దు సూర్యుడితో మొదలు కాదు, షిఫ్టుతో మొదలవుతుంది. అక్కడే పుట్టి పెరిగిన దీప ఆ సంగతి కూడా ఆందోళనలో మరిచిపోయింది. ఏడూ ముప్పావుకు గని బస్సు ఊరి మలుపులో ఆగింది. రాత్రంతా పని చేసిన మగవాళ్లు, చెవుల్లో మసి కూడా కడుక్కోకుండా, ఇంటికి పోకుండా నేరుగా వాగులోకి దిగారు. వాళ్లు వస్తారని వంటలు ముగించుకుని ఎదురుచూస్తున్న ఆడవాళ్లు గంపలు పట్టుకుని వీధుల్లోంచి వచ్చారు. నోట్లో పళ్లపుల్లతో ఒకరు, గేదెను తోలుకుంటూ ఒకరు. తొమ్మిదింటికి రాజం ఒక్కొక్క పేరూ గట్టిగా పిలిచాడు. హాజరు అని జవాబిచ్చిన వాళ్లు నూట యాభై మూడు మంది. ఇళ్ల లెక్కన నూట పద్దెనిమిది. విష్ణువర్ధన్ ఒకసారి ఎవరి సాయం లేకుండా తనే లెక్కపెట్టుకున్నాడు. తర్వాత వచ్చి, ఆ పుస్తకం నకలు కమిటీకి కావాలని రాజాన్ని వినయంగా అడిగాడు.

పదింటికి సమ్మవ్వ వచ్చింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చెంబు, నడుము వంగిపోయింది. పార పట్టే వయసు కాదు. చెలిమె పక్కన కూర్చుని, ఊరిన నీళ్లు ఊరినట్టు తోడి, వచ్చినవాళ్ల దోసిళ్లలో పోయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా లేవలేదు. పని ముగిశాక రాజం దగ్గరికి వచ్చి తన మస్టర్ పడిందా అని అడిగింది. పక్కనున్న వాళ్లెవరో నవ్వారు. రాజం నవ్వలేదు. బాయిలో నీళ్లు అందించే వాడికి కూడా పూర్తి మస్టరే పడేదని చెప్పి, పేరు రాసి, ఆమె వేలిముద్ర కూడా తీసుకున్నాడు. నూట యాభై నాలుగు.

కమిటీ నిర్ణయం రావడానికి ఇంకో నెల పట్టింది. మట్టి పాత గుంతలోకే పోయాలని తేల్చారు. ఆ కాగితంలో ఊట్లపల్లె మస్టర్ పుస్తకం ప్రస్తావన ఒక్క వాక్యం ఉంది. రాజం ఆ వాక్యాన్ని జిరాక్స్ తీయించి గోడకు అంటించాడు. జమున చూసి, నీళ్లను ఎవరు కొన్నారని అడిగింది. ఎవరూ కొనలేదక్కా, అదే గెలుపని దీప చెప్పింది. జమునకు ఈసారి కొంచెం అర్థమైనట్టే ఉంది.

అచ్చయిన రిపోర్టు పట్టుకుని దీప సమ్మవ్వ ఇంటికి వెళ్లింది. వాగులో కొత్త నీళ్లు పారుతున్నాయి. సమ్మవ్వ మొట్టమొదట అడిగింది తన సున్నా గురించే. దాన్ని కొట్టేశావా అంది.

"కొట్టెయ్యలే అవ్వా. మొదట చెప్పింది కొట్టెయ్యద్దు. పక్కన నువ్వెందుకు చెప్పినవో రాసిన," అంది దీప.

చదవమంది సమ్మవ్వ. దీప ఆ పేజీ తీసి చదివింది. మా ఊళ్లె రేటు గట్టినదేదీ మిగల్లే, గందుకే వాగుకు సున్నా జెప్పిన. అంత లావు పుస్తకంలో, గ్రాఫుల మధ్య, ఆమె మాటలు ఆమె నోట్లోంచి వచ్చినట్టే అచ్చయి ఉన్నాయి. సమ్మవ్వ ఇంకోసారి చదివించుకుంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. ఏదో అనుమానం ఇంకా మిగిలింది ఆమెకు.

"ఇది రేటు గాదు గద బిడ్డా?"

"గాదవ్వా. నీ మాట."

"అయితె ఉండనియ్యి," అంది సమ్మవ్వ. రెండున్నర కావస్తోందని లేచి, అటక మీది బిందెలు దించడానికి దీపను చెయ్యి వేయమంది.